ఏడో నక్షత్రం

బీరెత్ తుడుపుకర్రను బకెట్‌లో ముంచి, పిండి, మూడో గది నేల మీద ఈ మూల నుంచి ఆ మూలకు లాగింది. ఉత్తర ధ్రువానికి దగ్గరి ఊరు ట్రోమ్సోలోని మ్యూజియం నేలను ముప్పై ఒక్క ఏళ్లుగా ఇలాగే తుడుస్తోంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, సబ్బునీళ్లకు పగిలి ఎర్రబారిన వేళ్లు. ఉద్యోగానికి ఇదే చివరి రోజని పండగ బూట్లు తొడిగి వచ్చింది. రెయిన్‌డీర్ తోలు బూట్లు. లోపల ఎండుగడ్డి కూరి, చీలమండల చుట్టూ తాను నేసిన నక్షత్రాల పట్టీలు బిగించి కట్టింది. వాటికి తడి తగలకుండా ఆచితూచి అడుగు వేస్తోంది.

గోడల నిండా ధ్రువాలకు వెళ్లిన తొలి ఓడల ఫోటోలు. పన్నెండింటికి మేయర్ వచ్చి ప్రదర్శన తెరుస్తాడు. బీరెత్ తలెత్తి చూడలేదు. గోడలు చూసేవాళ్లు వేరు, నేల చూసేవాళ్లు వేరు అని ఆమె లెక్క.

కానీ తొమ్మిదో ఫోటోను మనిషెత్తున పెద్దది చేసి నేలకానించి నిలబెట్టారు. తుడుపుకర్ర దాని అంచుకు చేరేసరికి ఆమె కళ్లెదుట ఫోటోలోని రెండు బూట్లున్నాయి, చీలమండల చుట్టూ నక్షత్రాల పట్టీలతో. బీరెత్ చేతిలో కర్ర ఆగిపోయింది.

ముందు ఇద్దరు దొరలు నవ్వుతూ నిలబడ్డారు. వెనక కుక్కల పగ్గాలు పట్టుకుని ఒక మనిషి. బొచ్చు టోపీలో మొహం కనబడదు. కింద చీటీ: ‘కుక్కల కాపరి, పేరు తెలియదు.’

“ఒడ్‌వార్ బాబూ, ఇలా వచ్చి వంగు,” అని పిలిచింది.

ప్రదర్శన బాధ్యత చూసే ఒడ్‌వార్ పక్క గదిలోంచి పరుగున వచ్చాడు. “నేల అద్దంలా ఉంది లెండి, బీరెత్ గారూ. నా టై ఎక్కడ పెట్టానో చూశారా?”

“నీ మెడలోనే ఉంది. వంగు. ఈయన మా తాత ఆంటే.”

ఒడ్‌వార్ నిట్టూర్చాడు. “ఎగువ పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ ఒక తాత ఈ ఓడెక్కానంటాడు. మొహమే కనబడకపోతే ఎలా నమ్మమంటారు?”

“మొహాలు మీకు కావాలి. మాకు కాళ్లు చాలు.” బీరెత్ తన కుడికాలు ఫోటో పక్కన పెట్టింది. “నక్షత్రాలు లెక్కపెట్టు. ఏడోది చూడు.”

ఓడ కదిలే ముందురోజు నాయనమ్మ హడావిడిగా పట్టీలు నేసింది. ఆ తొందరలో ప్రతి ఏడో నక్షత్రానికీ ఒక కొమ్ము ఎగిరిపోయింది. అవే కట్టుకుని వెళ్లిన తాత, మంచుకు ఒక్కటీ పోకుండా, పది కాలివేళ్లతోనూ తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఆ తప్పు ఆ ఇంటి మొక్కుగా మారింది. ఆ ఇంట్లో ఎవరు మగ్గం ముందు కూర్చున్నా ఏడో నక్షత్రానికి ఒక కొమ్ము తగ్గించాల్సిందే. వేరే ఇంటివాళ్లు నేస్తే అరిష్టం.

ఒడ్‌వార్ భూతద్దం తెచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోటోలో ఏడు లెక్కపెట్టాడు, ఆమె కాలి మీద ఏడు లెక్కపెట్టాడు. పద్నాలుగు దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు. లేచేసరికి అతని ప్యాంటు మోకాళ్లు తడిసి ఉన్నాయి.

“ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?”

“మా తాత చచ్చేదాకా చెప్పాడు బాబూ. కోతలరాయుడన్నారు. నన్ను బళ్లో కోతలరాయుడి మనవరాలన్నారు.”

ఒడ్‌వార్ చీటీ పీకేసి, కొత్త అట్టముక్క తీశాడు. “పేరు ఎలా రాయమంటారు?”

“పెద్దగా.”

మధ్యాహ్నం బీరెత్ ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ముందు తలుపులోంచి లోపలికి వచ్చింది. మేయర్ తొమ్మిదో ఫోటో ముందు ఆగి, పేరు పైకి చదివి, ఈ ఆంటే ఎవరని అడిగాడు.

“మా తాత,” అంది బీరెత్, మూడు గదులకూ వినబడేలా. జనమంతా తిరిగి చూశారు. ఆమె తల దించలేదు. సంతోషంతో ఒళ్లు తేలిపోయింది. తాత బతికుంటే బాగుండేదనిపించింది.

జనం పలచబడ్డాక తాళాలగుత్తి బల్ల మీద పెట్టింది. ఫోటో పక్కన పెట్టడానికి పట్టీలిస్తారా అని ఒడ్‌వార్ మొహమాటంగా అడిగాడు.

“ఒకటి తీసుకో. రెండోదాంతో ఇంటికి నడవాలి,” అంటూ కుడికాలి పట్టీ విప్పి, ఆ బూటుకు పార్సిల్ దారం చుట్టుకుంది. మంచులో ఆమె అడుగులు వీధి మలుపు దాకా వెళ్లాయి.

అద్దాలపెట్టెలో పట్టీ చుట్టగా పడుకుని ఉంది, కొమ్ము లేని నక్షత్రం పైకి కనబడేలా.