వెనక పేజీ

మార్కరు మూత పళ్ళతో లాగి, నిసార్ అహ్మద్ ఎడమ బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూసుకున్నాడు. సిరా ధారగా దిగుతోంది. కొత్త మార్కరుతో ఎప్పుడూ ఇదే తంటా. ఇంగ్లీషు పత్రికలకైతే పరవాలేదు, ఆ నున్నటి కాగితం ఎంత పోసినా పైనే ఉంచుకుంటుంది. మన తెలుగు వారపత్రిక కాగితానికి అంత ఓపిక లేదు పాపం. ముందు పూస్తే వెనక పేజీకి దిగుతుంది. అందుకే ఆయన కొత్త మార్కర్లను ముందు ఇంగ్లీషు మోడళ్ళ మోకాళ్ళ మీద అరగదీసి, అవి నీరసపడ్డాకే తెలుగు కట్ట విప్పేవాడు.

పని అదే మరి. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల గోదాము పక్కన, పత్రికలు తెప్పించే కంపెనీ గోదాములో కూర్చుని, బొమ్మల్లోని ఆడవాళ్ళ భుజాలు, వీపులు, తొడలు నల్లగా కప్పేయడం. అప్పుడప్పుడు ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఫలానా పేజీలో ఫలానా పేరా అని. అదీ కప్పేస్తాడు. అందులో ఏం రాసి ఉందో ఆయనకు తెలియదు, తెలుసుకోమని జీతమిచ్చేవాళ్ళూ అడగలేదు.

కుర్రతనంలో కోరుట్లలో బోర్డులు రాసే ఉస్తాద్ దగ్గర పనికి చేరాడు. ఉస్తాద్ సుద్దముక్కతో అక్షరాల అంచులు గీస్తే, లోపల రంగు నింపడం నిసార్ వంతు. చదివింది నాలుగు ముక్కల ఉర్దూ. తెలుగు మాట్లాడితే అచ్చం కోరుట్ల మనిషే, చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు. అయినా ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆయన చేతిమీదుగా వెలిసినవే. ఇక్కడికొచ్చి మొదట్లో కట్టలు మోశాడు. పూసే మనిషి మానేసి వెళ్ళాక, గీత దాటని చెయ్యి చూసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలోనే గడ్డం నెరిసింది.

ఇంటి దగ్గర ఖదీజా మాత్రం "మా ఆయనది దుబాయ్ల పేపరాఫీసు నౌకరీ" అని గొప్పగా చెప్పుకుంటుంది. దుబాయ్ కాదే, ఖతర్ అని చెప్పి చెప్పి ఆయనే విసిగి ఊరుకున్నాడు. సెలవుకు వెళ్ళినప్పుడల్లా గోళ్ళ చుట్టూ నలుపు చూసి, "ఏం ఆఫీసో ఏమో, మెకానిక్కు చేతులు" అంటూ నిమ్మచెక్క పెట్టి రుద్దుతుంది. ఆ చేతులతో ఏం పూస్తాడో ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. ఎలా చెబుతాడు?

తెలుగు వారపత్రిక కట్ట విప్పాడు. పల్చటి కట్ట. ఒకప్పుడు రెండు చేతులా మోసేవాడు, ఇప్పుడు చంకలో ఇమిడిపోతుంది. ఈ వారం సంచిక కోసం ఆయన ఎదురుచూసినంతగా దోహాలో మరెవరూ ఎదురుచూసి ఉండరు. కారణం ఒక సీరియల్.

పూసేటప్పుడు చిరిగిన కాపీ ఒకటి తానుండే లేబర్ క్యాంపుకు పట్టుకెళ్ళడానికి ఆయనకు అనుమతి ఉంది. శుక్రవారం గదిలో గజేందర్ దాన్ని పైకి చదువుతాడు. మెట్‌పల్లి పిల్లాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నిసార్, మేస్త్రీ సమద్ వింటారు. సిరా దిగి అక్షరాలు మునిగిన చోట గజేందర్ ఆగి, "ఇగో, ఈడ మన నిసార్ భాయ్ మింగిండు" అంటాడు. ఇక ముగ్గురూ కూడి ఆ కంత పూడుస్తారు. అత్త తిట్టిందని ఒకరు, కాదు ఏడ్చిందని ఇంకొకరు. చాయ్ చల్లారేదాకా వాదులాట. చివరికి సమద్ చెప్పిందే ఖాయమయ్యేది, ఎందుకంటే ఆయనే పెద్ద, పైగా ఓడిపోతే అలుగుతాడు.

కథ వీరాస్వామి అనే లారీ డ్రైవరుది. భార్య మీద కోపంతో ఇల్లు విడిచి, ముసలితనంలో తిరిగొస్తాడు. పోయిన వారం ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టాడు. ముగింపు వచ్చే వారం అని ఆపేశారు, దుర్మార్గులు!

సమద్ కూడా ఇంటికి పోయి చాలా ఏళ్ళయింది. ఆఖరి సెలవులో నలుగురిలో భార్యను అనరాని మాట అని వచ్చాడు. ఆ తర్వాత ప్రతి నెలా డబ్బు పోయింది, మనిషి పోలేదు. ఫోనులో ఆవిడ సలాం చెప్పి పిల్లలకిచ్చేస్తుంది. ఇప్పుడు గుండె బలహీనమైందని డాక్టరు చెప్పాక కంపెనీ వీసా రద్దు చేసింది. ఈ సాయంత్రమే విమానం. నిన్న మంచమ్మీద వెల్లకిలా పడుకుని మెల్లగా అన్నాడు.

"నిసార్, ఆమె తలుపు తీస్తదా, తియ్యదా? గదొక్కటి విని పోత. గుండెల దడ దడ అయితున్నది."

అడిగింది వీరాస్వామి భార్య గురించేనని అనుకోవడానికి నిసార్ అంత అమాయకుడా? తెస్తానని మాటిచ్చాడు.

సీరియల్ బొమ్మ వెతికి పట్టుకున్నాడు. తెల్లగడ్డం మనిషి, మూసిన తలుపు. కథ ఆ పేజీలో మొదలై, తర్వాతి పేజీ నిండా పరుచుకుని ముగుస్తోంది. ఆ ముగింపు పేజీ తిప్పి చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమంది. వెనక పేజీ నిండా సబ్బు ప్రకటన. నురగలో ఒకమ్మాయి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒట్టి వీపే! ఎంత నీరసపడ్డ మార్కరైనా, అంత వీపూ నల్లబడేదాకా పూస్తే ఇటు ఒక్క అక్షరం మిగలదు.

కాసేపు చెంప గోక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, పార్సిళ్ళకు అంటించే తెల్ల కాగితం చుట్ట తెచ్చి, ముక్కలు కత్తిరించి, అంచులకు మాత్రం జిగురు రాసి ఆ వీపు మీద అతికించాడు. ఇటు తిప్పి చూశాడు. అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. సంతోషం పట్టలేక రెండోది, మూడోది కూడా అతికించాడు.

సూపర్‌వైజర్ ఉమైర్ వచ్చి ఒక కాపీ ఎత్తాడు. పెషావర్ మనిషి, చెడ్డవాడేం కాదు. గోటితో అంచు గీకాడు. కాగితం సుతారంగా ఊడొచ్చింది.

"నిసార్ భాయ్, యే క్యా హై? దుకాణంలో ఎవడైనా గీకితే నా నౌకరీ పోతుంది, నీదీ పోతుంది" అన్నాడు ఉర్దూలో.

"ఒక్క కాపీ వదిలెయ్. బయటికి పోదు, నా గదిలోనే ఉంటుంది."

"గదిలో ఉంటుందని నువ్వంటావు, నేను నమ్ముతాను. పైవాళ్ళు నమ్మరు. యల్లా, కానియ్, నల్లగా పూసెయ్."

పోనీ అని వెళ్ళిపోయినా బాగుండేది. వెళ్ళలేదు, పక్కనే నిలబడ్డాడు. నిసార్ మార్కరు పట్టుకుని భుజం అంచు నుంచి మొదలుపెట్టాడు. గీత ఎక్కడా దాటలేదు. అన్ని కాపీలూ అయ్యేసరికి చెయ్యి లాగేసింది.

మధ్యాహ్నం తిండి మానేసి కోరుట్లలో కొడుకు ఫర్హాన్‌కి ఫోన్ చేశాడు. ఆ పత్రిక కొని, ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాడు.

"బస్టాండ్ల ఇప్పుడది ఎవరు తెస్తుండ్రు అబ్బా? కరీంనగర్ పోవాలె. రేపు పోతగని, గంత అర్జెంటేంది?"

రేపటితో పనేముంది? నిసార్ ఫోన్ పెట్టేశాడు.

కంపెనీ బస్సు క్యాంపుకు చేరేసరికి సమద్ తెల్ల చొక్కా తొడుక్కుని, అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు. పత్రిక చూడగానే తాడు వదిలేసి మంచం మీదికి జరిగాడు. గజేందర్ గొంతు సవరించుకుని చదవసాగాడు. వీరాస్వామి రెండోసారి తలుపు కొట్టాడు. లోపల గాజుల చప్పుడు. ఎవరో గడియ దగ్గరికొచ్చి ఆగారు.

గజేందర్ తర్వాతి పేజీ చూశాడు. ఈసారి వేళాకోళమాడలేదు. పత్రిక అలాగే తెరిచి సమద్ వైపు తిప్పాడు. నల్లగా, అట్టులా మాడిపోయి ఉంది.

"మాఫ్ చెయ్ సమద్ భాయ్. నా చేతులతోనే పూసిన" అన్నాడు నిసార్.

సమద్ ఆ నల్లటి పేజీ మీద అరచేయి ఆనించి కాసేపు చూశాడు.

"ఏ, ఊకో. ఇన్నొద్దులు కంతలు పూడ్చినం, గిదో లెక్కనా? నేను జెప్త ఇనుండ్రి. తీసింది. ఏమనలే, తిట్టలే, ఏడ్వలే. మొకం జూసింది, లోపటికి పోయి పొయ్యి మీద చాయ్ వెట్టింది. గంతే. గంతకన్న మనిషికి ఏం గావాలె?"

"గంతే ఉంటది భాయ్" అన్నాడు గజేందర్ గబగబా.

"వాదిస్తలేవేందిరా?" అని సమద్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నిసార్ పెట్టె వైపు తిరిగి తాడు బిగించాడు.

కాటా కొక్కేనికి తగిలిస్తే విమానానికి బరువెక్కువైంది. సమద్ పెట్టె విప్పి, సబ్బులు ముట్టుకుని వదిలేసి, దుప్పటి ముట్టుకుని వదిలేసి, అడుగు నుంచి పెద్ద పాలపొడి డబ్బా తీసి మంచం మీద పెట్టాడు. "ఆమెకు గీ పొడితోని చాయంటే పానం. పోనియ్, మీరు తాగుండ్రి" అన్నాడు. పికప్ వచ్చి హారన్ కొట్టింది. ముగ్గురూ కౌగిలించుకున్నారు. బండి మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి కిటికీ బయటే ఉంది.

మర్నాడు శుక్రవారం, మధ్యాహ్నం దాటి అస్ర్ నమాజు కాగానే సమద్ బావమరిది ఫోన్ చేశాడు. శంషాబాద్‌లో కారెక్కిన మనిషి వేములవాడ దాటేదాకా కబుర్లు చెబుతూనే ఉన్నాడట. ఇంకాస్త పోతే ఊరనగా తల పక్కకు వాల్చాడు. నిద్రపోయాడనుకున్నారు.

నిసార్ గోడకు ఆనుకున్నాడు. "మీ అక్క ఎట్లున్నది?" అని అడిగాడు.

"ఏం జెప్పాలె భాయ్. పొద్దుగాల లేసిన కాడికెల్లి తలుపు బార్లా తెరిచి, గడప మీదనే కూసున్నది. దుమ్మొస్తది, దగ్గరికెయ్యవే అంటె ఇనలే. కారొచ్చెదాక మూయనియ్యలే."

ఫోన్ పెట్టేసేసరికి ఫర్హాన్ పంపిన ఫోటో వచ్చి ఉంది. కరీంనగర్ పోయి మరీ తెచ్చాడు పిల్లాడు. గజేందర్ ఆత్రంగా అందుకోబోతే నిసార్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"చదువకు."

"ఏమున్నదో చూద్దాం భాయ్."

"వద్దు బిడ్డా. తలుపు తెరిచే ఉన్నది."

నల్లటి బొటనవేలితో నొక్కి ఆ ఫోటోను ఫోనులోంచి తీసేశాడు. ఎవరూ ఫోన్ చేసి చెప్పకుండా ఆయన తనంతట తాను చెరిపేసింది అదొక్కటే. తర్వాత ఇద్దరూ చాయ్ పెట్టుకున్నారు, పాలు లేకుండా. సమద్ మంచం మీద, పరుపు తీసేసిన ఇనుప పట్టీల మీద, మూత సీలు విప్పని పాలపొడి డబ్బా అలాగే ఉంది.