కాన్సులేటుకు పడిన చీవాట్లు

పైచదువుకు సీటొచ్చింది గానీ వీసా రాలేదు. ఎప్పుడు చూసినా కంప్యూటర్ "పరిశీలనలో ఉంది" అనే చెబుతోంది. సోమవారంలోగా చేరకపోతే సీటు పోతుంది. అంతగా ఏం పరిశీలిస్తున్నారో ఆ దేవుడికే తెలియాలనుకుంటూ అమ్మాయి పిన్నిని వెంటబెట్టుకుని కాన్సులేటుకు వెళ్ళింది. తల్లి పోయాక బట్టలు కుట్టి ఆమెను పెంచిందీ, ఇప్పుడు చదువు ఖర్చుకు హామీ రాసిందీ ఆ పిన్నే.

అద్దం వెనక గుమాస్తా ఫైలు తిరగేశాడు. "విచారణకు ఫోన్ చేశామండీ. ఎవరో ఆవిడ తిట్టి పెట్టేశారు."

అమ్మాయి చటుక్కున పిన్ని వైపు చూసింది.

"ముక్కూ మొహం తెలియనివాడు నీ సంపాదనెంత, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే దొంగనుకోనా? చేతులు విరగ్గొడతానన్నాను," అంది పిన్ని. "అది నువ్వేనా నాయనా?"

"నేనేనండీ."

పిన్ని నాలుక కరుచుకుంది. అయినా కుతూహలం ఆగలేదు. "ఇంతకీ అవన్నీ మీకెందుకు బాబూ?"

"ఈ అమ్మాయి వెనక నిజంగా మనుషులున్నారా, కాగితం మీదేనా అని చూడాలి కదండీ."

"మరి తెలిసిందా?"

"ఆ రోజే తెలిసింది. కానీ మీరన్న వాటిలో ఫైల్లో రాయదగ్గ మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు కాస్త మర్యాదగా చెప్పండి, రాసుకుంటాను."

ఆమె చెప్పింది. అతను రాసుకుని, వీసా వేసిన పాస్‌పోర్టు రేపు తీసుకెళ్ళమన్నాడు.

మెట్లు దిగుతూ పిన్ని ఆగిపోయింది. "అందరికీ ఇలాగే ఫోన్ చేస్తారంటావా? మరి తిట్టడానికైనా ఎవరూ లేని పిల్లల సంగతేమిటే?"