అరచేతి వెడల్పు ఎరుపు

ఆ సోమవారం వకుళ బుగ్గల మీది ఎరుపు ఆమెకంటే ముందే నిద్ర లేస్తుంది. తల దువ్వుకుని, రాజమండ్రి బస్టాండు రిజర్వేషన్ కౌంటరుకు ఒక్కటే డ్యూటీకి వెళ్ళిపోతుంది. వకుళ చేరేసరికి అది ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది. టిక్కెట్ల కోసం వచ్చినవాళ్ళు గోడవారకు ఒదిగి నిలబడి ఉంటారు.

"జనం జంకుతున్నారండి," అంటాడు మేనేజరు సూర్యప్రకాశం. "మీరెప్పుడూ కోపంగా ఉంటారనుకుంటన్నారు. రేపట్నించి వెనక రికార్డు గదిలో కూర్చోండి."

"నాకు కోపం లేదండి."

"ఆ సంగతి మీ ముఖానికి చెప్పండి."

పదకొండేళ్ళుగా ఆ కిటికీ వకుళది. ఊళ్ళ పేర్లు జనం నోట వినడం ఆమెకు ఇష్టం. ఎరుపును చెయ్యి పట్టుకుని లేపి, చర్మవైద్యురాలు మెహరున్నీసా దగ్గరికి తీసుకెళ్తుంది. ఆసుపత్రి వరండాలో ఎవరైనా తేరిపార చూసినప్పుడల్లా వరండా రెండు గజాలు పొడుగవుతుంది. ఇద్దరూ తలవంచుకుని నడుస్తారు.

"రోసేషియా అంటారమ్మా దీన్ని," అంటుంది డాక్టరు. "పూర్తిగా పోదు, చెప్పిన మాట వింటుంది. ఎండ, కారం, పొగలు కక్కే టీ తగ్గించండి."

ఎరుపు వకుళ ముఖం మీదికి ఎక్కి సర్దుకుంటుంది. దాన్ని కప్పడానికి డాక్టరు ఆకుపచ్చ క్రీము రాస్తుంది. కాసేపట్లో బుగ్గల నిండా వరినారు మొలుస్తుంది.

"కొంచెం ఎక్కువైంది," అంటూ డాక్టరు నారు పీకి పక్కన పెట్టి, లేజరు వెలిగిస్తుంది. వెలుగు తగిలిన చోటల్లా సన్నని ఎర్రదారం బయటికి వస్తుంది. డాక్టరు దాన్ని కండెకు చుడుతుంది. చాలాసేపు చుడుతుంది.

"అదంతా నాదేనాండి?"

"మొదటి మూడు మూరలు మీవి. మిగతాది మీ అమ్మగారిది."

వకుళ కళ్ళు మూసుకుంటుంది. అమ్మ ఎర్రబడ్డ ముఖంతో అన్నం వడ్డించేది. అది కోపమనుకుని వకుళ చిన్నతనమంతా తలెత్తకుండా తినేసి లేచిపోయేది. అమ్మ పోయి ఆరేళ్ళయింది.

"అయితే అమ్మకి కోపం కాదా?"

డాక్టరు దారాన్ని వెలుతురుకు పట్టి, చివరిదాకా చదువుతుంది. "ఒక్కపూట కూడా లేదమ్మా."

వకుళ కళ్ళు తెరుస్తుంది. "కొంచెం ఉంచెయ్యండి. అరచేతి వెడల్పు చాలు."

మధ్యాహ్నం ఆమె తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంటుంది. సూర్యప్రకాశం ఆమె బుగ్గ వంక చూస్తాడు.

"ఇంకా ఉందేంటండి?"

"ఇది మా అమ్మ రంగండి."

ఆయన ఆలోచిస్తాడు. "అలాగైతే రికార్డు గదిలో పట్టదండి," అని కిటికీ తలుపు తానే తెరుస్తాడు.

వరసలో ముందు గోదావరి నిలబడి ఉంది. నాలుగు మడతలు పెట్టిన చీరలా తనను తాను చంకలో ఇరికించుకుని ఉంది.

"సముద్రానికి ఒకటమ్మా," అంటుంది.

"వయసెంతండి?"

"గుర్తులేదే తల్లీ."

గోదావరి కిటికీలోంచి చెయ్యి చాపి, చల్లని అరచేతిని వకుళ బుగ్గకు ఆనిస్తుంది. ఆ చేతిలో ఒక పులస, ఒక వేలిలోంచి ఇంకో వేలిలోకి, నెమ్మదిగా ఎదురీదుతుంది.