ఖాళీ హాలు ఫోటో

పై అంతస్తులో కూర్చున్న దొరలారా, ఈ పాపంలో సగం మీది! హాలు ఖాళీగా కనిపిస్తే జనం పనులన్నీ అయిపోయినట్టేనని లెక్కగట్టింది మీరు. పూటపూటకీ ఫోటో పంపమన్నది మీరు. బెంచీలు పీకించింది మీరు. మిగతా సగం గుమాస్తమ్మది. ఆమె కూడా కాదనదు.

వైద్య సాయం మంజూరు చేసే ఆఫీసు అది. పొద్దున్నే ఒక ముసలమ్మ కోడలి భుజం పట్టుకుని వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి ఆపరేషను. మంజూరు కాగితం మధ్యాహ్నంలోగా ఆసుపత్రిలో ఇవ్వకపోతే ఆమె వంతు ఇంకొకరికి పోతుంది. కావలసింది గుమాస్తమ్మ సంతకం ఒక్కటే.

"ఫోటో టైమమ్మా. కాసేపు బయట మెట్ల మీద కూర్చోండి, నేనే పిలుస్తా."

"బాత్రూము ఎటు తల్లీ?"

"అది స్టాఫుది."

తాళంచెవి గుమాస్తమ్మ కుర్చీ పక్కనే మేకుకు వేలాడుతోంది.

అటెండరు అందరినీ బయటికి తోలేశాడు. "ఈగ కూడా లేదు మేడం. ఉన్నా దానికీ రేపు రమ్మని చెప్తా. కొట్టండి ఫోటో!"

పకపకా నవ్వుకున్నారు. ఫోటో వెళ్లింది. 'శభాష్, మనమే ఫస్ట్' అని పై అంతస్తు నుంచి పెద్దసారు జవాబిచ్చాడు. దాంతో గుమాస్తమ్మకి కడుపు నిండిపోయింది. టీ తాగుతూ చెల్లెలికి ఫోన్ చేసి గొప్పలు పోయింది. పిలుస్తానన్న మాట గాలికి పోయింది.

భోజనానికని బయటికొస్తే, మెట్ల మీద ముసలమ్మ. కోడలు తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడింది. కింది మెట్టుదాకా తడి.

"ఏమనుకోకు తల్లీ, ఆపుకోలేకపోయాను. నీ ఆఫీసు మెట్లు పాడుచేశాను."

"పక్కకెళ్దామంటే మా అత్త కదిలితేనా!" అంది కోడలు. "మీరు పిలుస్తారని కూర్చుంది అక్కా."

తిట్టినా బాగుండేది. గుమాస్తమ్మకి తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్లి తాళంచెవి తెచ్చింది, ముసలమ్మని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది. సంతకం పెట్టింది. పెన్ను మూత తీసినంత సేపు పట్టలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పేర్ల జాబితా మూసేశామన్నారు. వంతు పోయింది.

ఆ మాట ముసలమ్మకి చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

అటెండరు గుడ్డ, బకెట్టు తెచ్చాడు. "ఇటివ్వు," అని లాక్కుంది.

"మీరెందుకు మేడం?"

"చేసింది నేనేగా."

మెట్లు కడిగింది. జనాన్నందరినీ లోపలికి పిలిచి స్టాఫు కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఫోటో తీసి పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఈ సంత?" అన్నాడు పెద్దసారు.

"సంత కాదు సార్, మన పని. వినండి. ఒకావిడ కన్ను పోగొడుతున్నాం, మీరూ నేనూ కలిసి. ఆసుపత్రి పెద్దలు నా మాట వినరు, మీ మాట వింటారు. ఇప్పుడే ఫోన్ చేసి ఆమె వంతు ఆమెకి ఇప్పించండి. బెంచీలు ఇవాళే వెనక్కి పంపండి. బాత్రూముకి ఇక తాళం వెయ్యం. ఖాళీ హాలు ఫోటోలు ఆపమని మీ నోటితో మీరే చెప్పండి. ఫోన్ పెట్టను సార్, లైన్లోనే ఉంటా. ముందు ఇంకో ఫోన్లో ఆసుపత్రికి చెయ్యండి!"