కెరెంహప్పుకు వంతు

ఆనంద్ పాల్ తన కూతురికి అక్క పేరు పెడతానంటే భార్య సుష్మ తెల్లబోయింది.

"కెరెంహప్పుకా? బళ్లో పిల్లలు ఏడిపిస్తారండీ."

"నాన్న ఏరి కోరి పెట్టిన పేరు. అక్క సంతోషిస్తుంది."

అక్కను సంతోషపెట్టడం అతనికి అవసరం. తను తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ కొల్లేటి ఒడ్డున నాన్న చేపల చెరువుకు తవుడు బస్తాలు మోసింది, మేత వేసింది ఆమే. నాన్న పోయాక చెరువంతా అతను తన పేరనే రాయించుకున్నాడు. పెళ్లయి వెళ్లిపోయిన మనిషికి చెరువెందుకని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఆమె ఒక్క మాటా అనలేదు కానీ రావడం తగ్గించేసింది. పాపకు ఆమె పేరు పెడితే ఆ వెలితి తీరిపోతుందనుకున్నాడు.

ఆదివారం ఏలూరు చర్చిలో పాస్టరుగారు పాపను ఎత్తుకుని ఆ పేరే పెట్టి, "ఈ పేరుకి అర్థం ఏంటమ్మా?" అని అక్కనే అడిగారు.

"కాటుక నింపి దాచుకునే జంతువు కొమ్మంటండీ. మన కాటుక భరిణె లాంటిది. నల్లగా పుట్టానని నాన్న పెట్టారు."

అందరూ ముచ్చటగా నవ్వారు. పాస్టరుగారు అక్కడితో ఆగలేదు. బైబిల్లో యోబు అనే భక్తుడి ముగ్గురు కూతుళ్లలో ఈ పేరున్నామె ఆఖరిదని, ఆ తండ్రి కొడుకులతో పాటు కూతుళ్లకూ ఆస్తిలో వంతిచ్చాడని, ఆ కాలంలో అది చిన్న సంగతి కాదని వివరంగా చెప్పారు.

ఆనంద్ పాల్ చెవులు వేడెక్కాయి. పడవలో కూర్చోబెట్టుకుని నాన్న ఈ కథ ఎన్నిసార్లు చెప్పలేదు! మరిచిపోయానని అనుకోవడానికి కూడా వీల్లేదు. అక్క అతని వైపు చూడకుండా పాప టోపీ సర్దుతోంది.

భోజనాలయ్యాక ఆమెను కారులో బస్టాండుకు తీసుకెళ్లాడు. స్టీరింగు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"అక్కా, చెరువులో సగం నీ పేర రాయిస్తాను."

"సరేరా. నీళ్లొచ్చే తూమున్న వైపు ఇవ్వు. మీ బావా నేనూ చూసుకుంటాం."

ఆమె వద్దంటుందనీ, తను బతిమాలతాననీ లోలోపల లెక్కేసుకున్నట్టు అతనికి అప్పుడు తెలిసింది.

"ఇన్నాళ్లూ అడగలేదేం?"

"నాన్న చెప్పిన కథేగదరా. నీకూ గుర్తుంటుందనుకున్నాను."

ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆఫీసు బయట అక్క, "టీ తాగి వెళ్దాం రా," అంది. పనుందని చెప్పి అతను గబగబా వెళ్లిపోయాడు. పనేమీ లేదు.