బామ్మ తిట్లు, పద్నాలుగు తలుపులు

మొదలుపెట్టినప్పుడు అతని దగ్గర ఉన్నవి ఎనిమిది వేలు, పద్నాలుగు ఖాతాలు, ఒకే ఒక్క పాస్‌వర్డ్. ఎనిమిది వేలతో గుడ్డ కొన్నాడు. వదిన సంచులు కుట్టింది, అతను ఆన్‌లైన్‌లో అమ్మాడు. ఆరు నెలలకి దుకాణం ఖాతాలో అరవై వేలు చేరాయి.

ఆ ఉదయం వదిన మిషను తొక్కుతోంది. బామ్మ స్నానానికి వెళ్ళింది. అతను ఆర్డర్లు చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి బీరువా, ఫ్రిజ్, వంటింటి అరలు, బాత్రూం, వీధి తలుపు తప్ప అన్ని తలుపులూ బార్లా తెరుచుకున్నాయి.

"ఒరేయ్! ఎక్కడ పారేసుకున్నావురా పాస్‌వర్డు?" బాత్రూంలోంచి బామ్మ అరిచింది. "తడిగోనెలో పడుకున్న నత్తా!"

బామ్మకి ఒక పట్టుదల ఉంది. ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టదు.

ఎదురింటాయన కిటికీలోంచి చూసి, "ఏ సైటు?" అన్నాడు.

"కూపన్లదండీ. వాళ్ళ దగ్గర్నుంచి అందరి పాస్‌వర్డులూ బయటికి పోయాయట."

"మాకు పోయిన నెలలో. ఫ్రిజ్‌లో పాలన్నీ విరిగిపోయాయి," అని ఆయన తల లోపలికి తీసుకున్నాడు.

ఒక్కో ఖాతాకి ఒక్కో తలుపు. పాస్‌వర్డ్ మారిస్తే దాని తలుపు మూతపడుతుంది. లెక్కల్లో చురుకైనవాడు కదా, పాతదాని చివరే ఒకటి, రెండు, మూడు తగిలించుకుంటూ పోయాడు. అరలు టపటపా మూసుకున్నాయి. మురిసిపోయేలోపే అదే వరసలో మళ్ళీ తెరుచుకున్నాయి.

"దొంగకి అంకెలు రావనుకున్నావా?" వదిన విసుక్కుంది.

ఇంతసేపూ మొండికేసి ఆగిన వీధి తలుపు గడియ అప్పుడే దానంతటదే కదిలింది.

"వదినా, అది మెయిలుది! అదొక్కటి చిక్కితే దుకాణం పాస్‌వర్డ్ వాళ్ళే మార్చేసుకుంటారు!"

వదిన పరిగెత్తి తలుపుకి వీపు ఆనించింది. బయట పిట్ట కూడా లేదు. అయినా తలుపు లోపలికి నెడుతోంది.

"ఆ అరవై వేలూ నా నడుం నొప్పి, అబ్బాయ్! ఏదో ఒకటి కొట్టి చావు!"

కంగారులో అతనికి పాత పాస్‌వర్డ్ తప్ప మరేదీ తట్టలేదు.

"చలిగాలి కొడుతోందిరా, గొడుక్కి పుట్టిన గుమ్మడికాయా!" అంది బామ్మ.

ప్రపంచంలో ఇంతకుముందు ఎవరి నోటా రాని మాట. అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. గడియ టక్కున పడింది. ఫోనుకి కోడ్ వస్తేనే తెరుచుకునేలా పెట్టాడు. తలుపుకి ఎన్నడూ లేని రెండో గడియ మొలిచింది. వదిన ఉస్సురంటూ అక్కడే కూలబడింది.

"మరి దుకాణం?"

దుకాణానిది బీరువా. అది ఇంకా నోరు తెరుచుకునే ఉంది. దాంతో కలిపి ఇంకా పదమూడు.

అతను ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి బాత్రూం గుమ్మం పక్కన చతికిలపడ్డాడు. వేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉంచి, గొంతు సవరించుకున్నాడు.

"బామ్మా, నీ కొత్త కళ్ళజోడు మీద కూర్చున్నది నేనే."