ఉమ్మడి కిటికీ

సెంగ్‌దావో తమ్ముడు ఖామ్‌ఫెట్ మెకాంగ్ నది అవతలి దేశంలో చెరకు మిల్లు పనికి పోయి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. శవపేటిక వంతెన అవతలి కొసన ఆసుపత్రి మార్చురీలో ఉంది. ఇల్లు ఇవతలి కొసన ఉంది. అడ్డం ఆ నది ఒక్కటే అయితే సెంగ్‌దావో ఏనాడో ఈదుకుని పోయేది.

శవాన్ని దేశం దాటించాలంటే సరుకు కిందే లెక్క. బియ్యమైనా సిమెంటైనా మనిషి శవమైనా, రెండు దేశాలూ కలిసి పెట్టుకున్న కంప్యూటర్ వ్యవస్థలోంచే అనుమతి రావాలి. జనం దాన్ని కిటికీ అంటారు. వంతెన దగ్గర ఈ అనుమతులు ఇప్పించడమే సెంగ్‌దావో బతుకుతెరువు. కాగితాల పీడ వదిలింది, ఇక ఎవడి చేయీ తడపక్కర్లేదని లారీలవాళ్లకు నచ్చజెప్పి అందులోకి దింపింది కూడా తనే. పేరుకది ఉమ్మడిదే. గొళ్లెం మాత్రం ఏ వైపుది ఆ వైపు సర్కారు తన చేతిలోనే ఉంచుకుందని అప్పుడెవరికీ తోచలేదు. ఇప్పుడు సిమెంటు సుంకం మీద రెండు దేశాల పెద్దలకు మాటా మాటా పెరిగింది. అవతలి సర్కారు తన వైపు గొళ్లెం పెట్టేసింది. ఇళ్లకు తిరిగొచ్చే కూలీలను నడిచి దాటనిస్తున్నారు. అటు పోవడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయక్కా," అన్నాడు కస్టమ్స్ ఆఫీసులో విలాయ్, స్క్రీన్ ఆమె వైపు తిప్పి. "అటువైపు ఆఫీసరు కూడా నొక్కేద్దామనే చూస్తున్నాడు పాపం. నొక్కడానికి బటనే లేకుండా చేశారు."

"శవానికి కూడానా?"

"శవమని దానికేం తెలుసక్కా? సరుకనే ఉంది."

ఇంట్లో తల్లి కోరేది ఒక్కటే. నిప్పు పెట్టేముందు కొడుకు ముఖం తన చేత్తో కొబ్బరినీళ్లతో కడగాలి. కడగకుండా పంపితే వాడికి దారి కనపడదని ఆమె బెంగ.

"ఫోన్లో చూపిస్తానమ్మా. వాడి స్నేహితుడు అక్కడే ఉన్నాడు."

"ఫోన్లో ముఖమెట్టా కడగనే? పోయి ఆ ఆఫీసరు కాళ్లు పట్టుకో. అప్పట్లో మన గేదెల్ని ఆపేస్తే మీ నాన్న అట్టాగే పట్టుకుని తోలుకొచ్చాడు."

"ఆఫీసరు చేతిలో ఏం లేదమ్మా. అంతా ఆ కిటికీలోనే."

"అయితే దానికే కాళ్లున్నాయేమో చూడు. నేనొచ్చి పట్టుకుంటా."

సెంగ్‌దావో నవ్వబోయి ఏడ్చింది.

ఇక ఉంచలేమని ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారు. అక్కడే దహనం చేయిస్తే అస్థికలు స్నేహితుడు చేత్తో పట్టుకొస్తాడు. వాటికి అనుమతి అక్కర్లేదు. ఇలాంటి పంతాలు సెంగ్‌దావో చాలా చూసింది. కిందటిసారి మామిడిపళ్లు లారీల్లోనే కుళ్లిపోయాయి, వానలు పడేదాకా కిటికీ తెరుచుకోలేదు. ఆ లారీల వాసన ఆమెకింకా గుర్తే.

"అక్కడే సాగనంపేద్దామమ్మా," అంది.

తల్లి ఆమె వైపు తిరిగింది. "ఆ పని తెలిసినదానివి నువ్వు. తెరవరంటావా?"

"తెరవరమ్మా."

ఆ మాట మీదే తల్లి తలూపింది.

దహనమైన మర్నాడు పొద్దున్నే పెద్దలు ఏదో విందులో చేతులు కలిపారు. లారీలు హారన్లు కొట్టుకుంటూ కదిలాయి. తమ్ముడి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది, సరుకు తీసుకురావచ్చునని. ఒక్క రోజు ఆగలేకపోయానే అని సెంగ్‌దావో కస్టమ్స్ ఆఫీసు బల్ల మీద తల బాదుకుంది. విలాయ్ బయటికెళ్లి నిలబడ్డాడు. పంతాలు పట్టినవాళ్లు సుఖంగా భోంచేసి లేచారు, కుమిలిపోవడం మాత్రం ఈమె వంతయింది.

సాయంత్రం స్నేహితుడు గుడ్డ చుట్టిన ముంత తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. వంతెన తెరిచిన సంగతి వీధి వీధంతా చెప్పుకుంటోంది. తల్లికీ తెలుసు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ముంతను మెల్లగా తిప్పుతూ, గుడ్డ మీద వేళ్లతో తడుముతూ అడిగింది.

"ముఖం ఎటువైపుందే?"

"నీ వైపేనమ్మా," అంది సెంగ్‌దావో.